కుర్ర డిఫెన్స్‌మన్‌కు ఎన్ని నిమిషాలు ఇవ్వాలి?

(మిషిగన్‌లో తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో ఒక యూత్ ఐస్ హాకీ అసిస్టెంట్ కోచ్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవాళ్ళకు వినిపిస్తోంది కదా? సరే.

ఈ సీజన్‌లో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే. "మావాడు డిఫెన్స్ ఆడతాడు, ఐస్ టైమ్ తక్కువ ఇస్తున్నారు, ఎందుకు?" అని. కొందరు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి లెక్క కూడా రాసుకొస్తున్నారు. పొద్దున్నే ఐదింటికి లేచి పిల్లల్ని రింక్‌కి తీసుకొచ్చేవాళ్ళు ఆ మాత్రం లెక్క అడగడంలో తప్పేమీ లేదు. కానీ డిఫెన్స్ ఆడే పిల్లల విషయంలో నిమిషాల సంఖ్య ఒక్కటే చూస్తే అసలు సంగతి దొరకదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కుర్ర డిఫెన్స్‌మన్‌కు ఎన్ని నిమిషాలు ఇవ్వాలంటే, వాడు తప్పు చేసి మన గోల్‌లో పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళ) పడ్డాక కూడా తర్వాతి షిఫ్ట్‌కి (ఐస్ మీద ఒక విడత ఆటకి) వాణ్ణి మళ్ళీ పంపగలిగినన్ని. అంతకంటే ఎక్కువ ఇచ్చి, ఒక తప్పుకే భయపడి బెంచ్ మీద కూర్చోబెట్టే కోచ్, తక్కువ ఇచ్చే కోచ్ కంటే ఎక్కువ నష్టం చేస్తాడు. ఇలా ఎందుకు అంటున్నానో చెప్పడానికి పెద్దవాళ్ళ ఆట నుంచి మొదలుపెడతాను. అక్కడ ప్రతి షిఫ్ట్‌కీ లెక్క ఉంటుంది కాబట్టి మనకు కనపడుతుంది.

ఎన్‌హెచ్‌ఎల్, అంటే ఇక్కడి అన్నిటికంటే పెద్ద ప్రొఫెషనల్ హాకీ లీగ్‌లో, మ్యాచ్ 60 నిమిషాలు. మామూలుగా ఐస్ మీద ఇద్దరు డిఫెన్స్‌మెన్ ఉంటారు. అంటే కోచ్ చేతిలో ఉన్నది 120 నిమిషాలు. జట్టు తరఫున ఆడేది ఆరుగురు, మూడు జోడీలు. సమానంగా పంచితే తలా 20. కానీ ఎవరూ అలా పంచరు. మొదటి జోడీకి చెరి 25 ఇస్తే 50 అయిపోతాయి. రెండో జోడీకి చెరి 20 ఇస్తే మిగిలేది 30. మూడో జోడీకి చెరి 15. కొత్తగా వచ్చిన కుర్రాడు ఎక్కువసార్లు ఆ 15 నిమిషాల చోటులోనే మొదలుపెడతాడు. 45 సెకన్ల షిఫ్ట్ లెక్కన 20 షిఫ్టులు. కుర్రాడికి నాలుగు నిమిషాలు పెంచాలంటే ఆ నాలుగూ ఇంకొకరి దగ్గర్నుంచి తీసుకోవాలి. ఆ ఇంకొకరు పదేళ్ళ అనుభవం ఉన్నవాడై ఉంటాడు. అందుకే ఇది ఏ కోచ్‌కీ తేలికైన నిర్ణయం కాదు.

ఫార్వర్డ్‌కీ డిఫెన్స్‌కీ ఉన్న తేడా కూడా ఇక్కడే ఉంది. ఫార్వర్డ్ పక్ పోగొట్టుకుంటే వెనక ఇద్దరు డిఫెన్స్‌మెన్ ఉంటారు, వాళ్ళ వెనక గోలీ ఉంటాడు. డిఫెన్స్‌మన్ మన నీలిగీత (మన జోన్ సరిహద్దు) దగ్గర పక్ పోగొట్టుకుంటే వెనక గోలీ ఒక్కడే. ఫార్వర్డ్ చేసే పది తప్పుల్లో తొమ్మిది ఎవరికీ గుర్తుండవు. డిఫెన్స్ వాడి తప్పు మాత్రం స్కోర్‌బోర్డు మీదికి ఎక్కుతుంది. క్రికెట్ చూసి పెరిగినవాళ్ళం కాబట్టి ఇలా చెప్తాను. కుర్ర స్పిన్నర్‌ని ఒక ఓవర్లో రెండు సిక్సర్లు కొట్టారు. కెప్టెన్ వాడికి ఇంకో ఓవర్ ఇస్తాడా, లేక మ్యాచ్ అయ్యేదాకా బౌండరీ దగ్గర నిలబెడతాడా? ఆ స్పిన్నర్ ఎలాంటి బౌలర్ అవుతాడన్నది చాలావరకు ఆ నిర్ణయం మీద ఆధారపడి ఉంటుంది.

ఇక నిమిషాల సంగతి. అన్ని నిమిషాలూ ఒకటి కావు. ఫేస్ ఆఫ్, అంటే ఆగిన ఆట మళ్ళీ మొదలవడం, అవతలి జట్టు గోల్ దగ్గర జరిగితే, అక్కడ మొదలయ్యే షిఫ్ట్ కుర్రాడికి కాస్త తేలిక. పక్ పోయినా వెనక్కి రావడానికి సగం పైగా రింక్ ఉంటుంది. అదే మన గోల్ పక్కన ఫేస్ ఆఫ్ అయితే ఒక్క అడుగు తప్పినా గోలే. కోచ్‌లు కొత్తవాళ్ళకు మొదటి రకం షిఫ్టులు ఎక్కువ ఇచ్చి, రెండో రకం పెద్దవాళ్ళకు పెడతారు. సొంత రింక్‌లో ఇది సులువు, ఎందుకంటే ఆట ఆగిన ప్రతిసారీ ఆటగాళ్ళను ఆఖర్న మార్చుకునే హక్కు హోమ్ టీమ్‌ది. అవతలివాళ్ళు తమ మేటి లైన్‌ని దింపారని చూశాకే మన కోచ్ తన జోడీని పంపవచ్చు. బయట ఊళ్ళో ఆడేటప్పుడు ఆ వెసులుబాటు ఉండదు. అదే కుర్రాడికి ఇంట్లో 18 నిమిషాలు, బయట 14 వస్తే కోచ్‌కి కోపం వచ్చిందని కాదు అర్థం.

రెండో పీరియడ్ సంగతి ఇంకా ముఖ్యం. మొదటి, మూడో పీరియడ్లలో మన బెంచ్ మన గోల్‌కి దగ్గరగా ఉంటుంది. రెండో పీరియడ్‌లో వైపులు మారతాయి, బెంచ్ దూరమైపోతుంది. అలిసిపోయిన డిఫెన్స్‌మన్ బెంచ్ దాకా వెళ్ళలేక మన జోన్‌లోనే చిక్కుకుపోతాడు. దాన్నే లాంగ్ చేంజ్ అంటారు. దీనికి తోడు 2005-06 సీజన్ నుంచి ఐసింగ్ (మన సగం నుంచి పక్‌ని అవతలి చివరిదాకా కొట్టేయడం) చేసిన జట్టు ఆటగాళ్ళను మార్చుకోకూడదని రూల్ వచ్చింది. ఊపిరాడని కుర్రాడు పక్‌ని అవతలి చివరికి కొట్టేసి "హమ్మయ్య" అనుకుంటాడు, విజిల్ పడుతుంది, వాడు అక్కడే ఉండాలి. ఎదురుగా అవతలి జట్టు కొత్త కాళ్ళతో వస్తుంది. మీరు మ్యాచ్ చూసేటప్పుడు గమనించండి, కుర్ర డిఫెన్స్‌మెన్ మీద పడే గోల్స్‌లో ఎన్ని ఇలా వస్తాయో. అది ఆట రాక పడిన గోల్ కాదు, నిమిషం పైన సాగిన షిఫ్ట్ వల్ల పడిన గోల్. వాడికి నేర్పాల్సింది పక్ ఆడడం కంటే ముందు, ఎప్పుడు బెంచ్‌కి రావాలో.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయానికి వస్తాను. జోడీ.

డెట్రాయిట్ వాళ్ళకు నిక్లాస్ లిడ్‌స్ట్రామ్ గురించి చెప్పక్కర్లేదు. ఏడు నారిస్ ట్రోఫీలు (లీగ్‌లో మేటి డిఫెన్స్‌మన్‌కి ఇచ్చేది), నాలుగు స్టాన్లీ కప్పులు (లీగ్ టైటిల్). కానీ ఆయన ఎలా మొదలుపెట్టాడో చూడండి. డెట్రాయిట్ జట్టు రెడ్ వింగ్స్ ఆయన్ని 1989 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కుర్రాళ్ళను ఎంచుకునే కార్యక్రమంలో) 53వ ఎంపికగా తీసుకున్నారు. వెంటనే తెచ్చేయలేదు. మరో రెండేళ్ళు స్వీడన్‌లో వెస్టెరోస్ జట్టుకు ఆడాడు. 1991లో 21 ఏళ్ళ వయసులో వచ్చాడు. అప్పుడు పక్కన ఎవరిని పెట్టారు? బ్రాడ్ మెక్‌క్రిమన్. 32 ఏళ్ళవాడు, కాల్గరీతో 1989లో కప్పు గెలిచినవాడు. గోల్స్ కొట్టే పేరు కాదు ఆయనది, వెనక నిలబడే పేరు. ఆయన వెనక ఉన్నాడన్న ధీమాతో లిడ్‌స్ట్రామ్ పక్‌తో ముందుకు వెళ్ళగలిగాడు, మొదటి సీజన్‌లోనే 60 పాయింట్లు (గోల్స్, అసిస్ట్‌లు కలిపి) చేశాడు.

అక్కడితో ఆగలేదు. మెక్‌క్రిమన్ 1993లో హార్ట్‌ఫర్డ్‌కి వెళ్ళాడు. అదే ఏడాది ఆ జట్టు డ్రాఫ్ట్‌లో రెండో ఎంపికగా తీసుకున్న క్రిస్ ప్రాంగర్ అనే పొడుగాటి కుర్రాడి పక్కన ఆయన్నే పెట్టారు. ప్రాంగర్ తర్వాత 2000లో నారిస్‌తో పాటు లీగ్ మేటి ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ కూడా గెలిచాడు. అంతకు ముందు ఫిలడెల్ఫియాలో మార్క్ హోవ్ పక్కన ఆడిందీ మెక్‌క్రిమనే. లిడ్‌స్ట్రామ్, ప్రాంగర్, హోవ్ ముగ్గురూ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళారు. మెక్‌క్రిమన్ తర్వాత మన డెట్రాయిట్‌లోనే అసిస్టెంట్ కోచ్‌గా పనిచేశాడు. 2011 సెప్టెంబరు 7న రష్యాలో యారోస్లావల్ దగ్గర లోకోమోటివ్ జట్టు విమానం కూలినప్పుడు ఆ జట్టు హెడ్ కోచ్‌గా అందులో ఉన్నాడు. కుర్ర డిఫెన్స్‌మన్‌కు ఎన్ని నిమిషాలు ఇవ్వాలన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు. ఆయనలాంటివాడు పక్కన ఉంటే 22 నిమిషాలు ఇవ్వవచ్చు. ఇంకో కొత్తవాడు పక్కన ఉంటే 14 కూడా ఎక్కువే.

ఇది ఆయన ఒక్కడి కథ కాదు. 2008లో లాస్ ఏంజెలెస్ కింగ్స్ డ్రూ డౌటీకి 18 ఏళ్ళకే మ్యాచ్‌కి సుమారు 24 నిమిషాలు ఇచ్చారు. వింటే సాహసం అనిపిస్తుంది. పక్కన ఉన్నది షాన్ ఓడానెల్ అనే పాతకాపు. 2014లో ఫ్లోరిడా తీసుకున్న ఆరన్ ఎక్‌బ్లాడ్ 18 ఏళ్ళకు దాదాపు 22 నిమిషాలు ఆడి మేటి కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ గెలిచాడు. పక్కన బ్రయన్ క్యాంప్‌బెల్. పెద్ద అంకెలు చూసి "వాళ్ళవాడు ఆడలేదా, మావాడు ఆడలేడా" అనే ముందు ఆ అంకె పక్కన ఉన్న రెండో పేరు చదవాలి.

మరి తొందరపడాలా, ఆగాలా? రెండూ పనిచేసిన ఉదాహరణలున్నాయి. మోరిట్స్ సైడర్‌ని రెడ్ వింగ్స్ 2019లో ఆరో ఎంపికగా తీసుకున్నప్పుడు చాలామంది ముక్కున వేలేసుకున్నారు. 18 ఏళ్ళకు గ్రాండ్ రాపిడ్స్‌లో ఏహెచ్‌ఎల్ (ఎన్‌హెచ్‌ఎల్ కింది లీగ్) ఆడించారు, తర్వాతి ఏడాది స్వీడన్‌లో రోగ్లె జట్టుకు ఆడాడు. 2021-22లో పైకి వచ్చేసరికి 82 మ్యాచ్‌లూ ఆడాడు, 50 పాయింట్లు, మ్యాచ్‌కి 23 నిమిషాలు, కాల్డర్ ట్రోఫీ. 2021లో అదే ఆరో ఎంపికగా వచ్చిన సైమన్ ఎడ్విన్సన్‌ని ఇంకా నెమ్మదిగా తెచ్చారు. 2022-23లో పైన 9 మ్యాచ్‌లు, ఆ తర్వాతి ఏడాది 16, మిగతాదంతా గ్రాండ్ రాపిడ్స్‌లోనే. ఇక్కడ మనవాళ్ళు చాలామంది అప్పుడు విసుక్కున్నారు, నాకు గుర్తుంది. 2024-25లో సైడర్ పక్కనే ఆడుతూ మ్యాచ్‌కి 20 నిమిషాలకు పైగా ఆడాడు. కేల్ మకార్ సంగతి చూడండి, 2017లో నాలుగో ఎంపిక. రెండేళ్ళు మసాచుసెట్స్ యూనివర్సిటీకే ఆడాడు. 2019 ఏప్రిల్‌లో కాలేజీ ఫైనల్ ఆడిన రెండు రోజులకే కొలరాడో తరఫున ప్లేఆఫ్ మ్యాచ్‌లో దిగి గోల్ కొట్టాడు. 2022లో నారిస్ గెలిచాడు, కప్పూ గెలిచాడు.

ఇటువైపు, న్యూయార్క్ ఐలాండర్స్ 2025లో మొదటి ఎంపికగా తీసుకున్న మాథ్యూ షేఫర్ ఉన్నాడు. భుజం దగ్గర ఎముక విరిగి అంతకు ముందు జూనియర్ సీజన్‌లో 17 మ్యాచ్‌లే ఆడినవాడు. 18 ఏళ్ళకు నేరుగా దిగి మొదటి నెల నుంచే 20 నిమిషాలకు పైగా ఆడాడు. పిల్లవాడు సిద్ధంగా ఉంటే ఆపడం కూడా తప్పే.

నన్ను బాధపెట్టేది ఈ రెండూ కాని మధ్య దారి. పైన ఉంచుతారు, కానీ 11 నిమిషాలు. మూడు మ్యాచ్‌లు ఆడించి రెండు మ్యాచ్‌లు సూట్ వేసి గ్యాలరీలో కూర్చోబెడతారు. కొలంబస్ 2022లో ఆరో ఎంపికగా తీసుకున్న డేవిడ్ యిరిచెక్ రెండేళ్ళ పాటు పైకీ కిందికీ తిరిగాడు. 2024 నవంబరులో మిన్నెసోటాకు ట్రేడ్ చేసేశారు. ఒక కుర్రాడు నిలదొక్కుకోకపోవడానికి కారణం ఒక్కటే ఉండదు, అది ఒప్పుకుంటాను. కానీ ఆ వయసులో డిఫెన్స్ వాడికి కావాల్సింది పరిగెత్తే గడియారం. కింద లీగ్‌లో 22 నిమిషాలు, పవర్ ప్లే (పెనాల్టీతో అవతల ఒకడు తక్కువున్నప్పుడు), పెనాల్టీ కిల్ (మనకు ఒకడు తక్కువున్నప్పుడు), ఆఖరి నిమిషం అన్నీ ఆడడం, పైన బెంచ్ చివర కూర్చుని 11 నిమిషాల కోసం ఎదురుచూడడం కంటే వందరెట్లు మేలు.

ఈ మధ్య దారికి రూల్స్ కూడా కొంత కారణం. కెనడా మేజర్ జూనియర్ లీగుల నుంచి డ్రాఫ్ట్ అయిన కుర్రాణ్ణి సాధారణంగా 20 ఏళ్ళు వచ్చేదాకా ఏహెచ్‌ఎల్‌కి పంపడానికి వీల్లేకుండా ఉండేది. పంపితే జూనియర్‌కి వెనక్కి పంపాల్సి వచ్చేది, లేదా ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉంచుకోవాల్సి వచ్చేది. జూనియర్‌లో వాడికి పోటీ చాలదు, పైన వాడు చాలడు. సైడర్, ఎడ్విన్సన్ యూరప్ నుంచి వచ్చారు కాబట్టి గ్రాండ్ రాపిడ్స్ అనే మెట్టు వాళ్ళకు దొరికింది. దీనికి తోడు పదో మ్యాచ్ గీత ఒకటి. 18, 19 ఏళ్ళవాడు పదో మ్యాచ్ ఆడితే వాడి మొదటి కాంట్రాక్ట్‌లో ఒక ఏడాది ఖర్చయిపోతుంది. అందుకే చాలామంది దగ్గర 9 అనే అంకె కనపడుతుంది. పిల్లవాడి ఎదుగుదల గురించి తీసుకున్నట్టు కనపడే నిర్ణయం ఒక్కోసారి అకౌంట్స్ నిర్ణయం.

నిమిషాలు పుష్కలంగా ఇచ్చినా సరిపోదని చెప్పే ఉదాహరణ కూడా ఒకటి చెప్పాలి. రాస్ముస్ డాలీన్, 2018లో బఫలో మొదటి ఎంపిక. 18 ఏళ్ళకే 82 మ్యాచ్‌లు, 21 నిమిషాలు, 44 పాయింట్లు. అందరూ ఆహా అన్నారు. 2020-21కి వచ్చేసరికి జట్టు వరసగా 18 మ్యాచ్‌లు ఓడింది, డాలీన్ ప్లస్-మైనస్ (వాడు ఐస్ మీద ఉండగా జట్టు కొట్టిన గోల్స్‌కీ, జట్టు మీద పడిన గోల్స్‌కీ తేడా) మైనస్ 36. నిమిషాలు అప్పుడూ ఉన్నాయి. ఆ సీజన్ మధ్యలో కోచ్ మారాడు. కొత్తగా వచ్చిన డాన్ గ్రనాటో డాలీన్‌ని ముందుకు వెళ్ళి ఆడనిచ్చాడు. 2022-23లో 73 పాయింట్లు చేశాడు, మ్యాచ్‌కి 25 నిమిషాల పైన ఆడాడు, 2024లో కెప్టెన్ అయ్యాడు. కుర్రాడు మారలేదు, వాడికున్న స్వేచ్ఛ మారింది. 20 నిమిషాలు ఇచ్చి "రిస్క్ తీసుకోకు" అంటే వాడు నేర్చుకునేది పక్‌ని గ్లాస్ మీదికి కొట్టి వదిలించుకోవడం.

ఇక మన పిల్లలు. ఇక్కడ నిమిషాలు నిర్ణయించేది కప్పు కాదు, వయసు. 8 ఏళ్ళ లోపు పిల్లలు రింక్‌లో అడ్డంగా చిన్న భాగంలో ఆడతారు. ఆ వయసులో వీడు డిఫెన్స్, వాడు ఫార్వర్డ్ అనడమే అర్థంలేనిది. 12 ఏళ్ళ లోపు అందరికీ సమానంగా ఇవ్వాలని, చోట్లు మార్చి ఆడించాలని నేను గట్టిగా నమ్ముతాను. పదేళ్ళకు పొడుగ్గా ఉన్నాడని డిఫెన్స్‌లో పడేసిన పిల్లవాడు పదిహేనేళ్ళకు అందరిలాగే ఉంటాడు, అప్పటికి వాడికి పక్‌తో ముందుకు వెళ్ళడం అలవాటై ఉండదు.

14యూలో, అంటే 14 ఏళ్ళ లోపు విభాగంలో, కథ మారుతుంది. యుఎస్ఏ హాకీ 2011లో మార్చిన రూల్ ప్రకారం అబ్బాయిల ఆటలో బాడీ చెకింగ్ (పక్ కోసం ఒంటితో ఢీకొట్టడం) ఆ వయసు నుంచే మొదలవుతుంది. ఒకే టీమ్‌లో 40 కిలోల పిల్లవాడూ ఉంటాడు, 75 కిలోలవాడూ ఉంటాడు. డిఫెన్స్ వాడు మూలకు పోయిన పక్ కోసం వెనక్కి తిరిగి వెళ్ళాలి. వెళ్ళేలోపు కనీసం రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూడాలి, ఎవరు వస్తున్నారో, ఎంత వేగంగా వస్తున్నారో. తాజాగా ఉన్న పిల్లవాడు చూస్తాడు. అలిసిపోయినవాడు చూడడు. చూడకుండా తలవంచి బోర్డు దగ్గరికి వెళ్తాడు. ఆ తర్వాత ఏం జరగవచ్చో నేను చెప్పక్కర్లేదు. అందుకే మా టీమ్‌లో ఒక పిల్లవాడి నిమిషాలు ఆపాల్సిన సమయం నాకు వాడి ముఖంలో కనపడదు, వాడి మెడలో కనపడుతుంది. వెనక్కి చూడడం మానేశాడంటే ఆ పీరియడ్‌కి వాడి షిఫ్టులు తగ్గిస్తాను. అది శిక్ష కాదని వాడికి అక్కడే చెప్తాను. మీరూ ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో అదే చెప్పండి.

తప్పు వల్ల తగ్గించడం వేరు. గోల్ పడింది, కారణం వాడే. బెంచ్‌కి వచ్చాడు. ముప్పై సెకన్లు ఊపిరి తీసుకోనివ్వాలి. ఏం చూశావు అని అడగాలి, ఏం చేశావు అని కాదు. తర్వాత వాడి వంతు రాగానే పంపాలి, వీలైతే నమ్మకమైన జోడీతో, వీలైతే అవతలి జోన్ ఫేస్ ఆఫ్‌కి. వంతు దాటించకూడదు. ఒక్కసారి దాటిస్తే మిగతా ఐదుగురికీ కూడా పాఠం వెళ్ళిపోతుంది. తర్వాత నుంచి ఎవరూ పక్‌తో ఆడరు, అందరూ వదిలించుకుంటారు.

ఇందాక టీ దగ్గర ఒక అక్క అడిగారు, "మరి ఆఖరి రెండు నిమిషాల్లో ఒక గోల్ ఆధిక్యం ఉంటే? అప్పుడూ అందరికీ వంతులేనా?" అని. మంచి ప్రశ్న. మా 14యూలో డిసెంబరు దాకా వంతులే. ఆ కారణంగా ఓడిన మ్యాచ్‌లు ఉన్నాయి, ఇకముందూ ఉంటాయి. జనవరి నుంచి, ప్లేఆఫ్‌ల ముందు, ఆఖరి రెండు నిమిషాలు ఎక్కువగా నలుగురు ఆడతారు. కానీ ఆ నలుగురిలో ఒక చోటు ఎప్పుడూ నేర్చుకుంటున్నవాడిది. పక్కన మాకున్న అందరికంటే నిదానస్తుణ్ణి పెడతాం. ఆ విషయం సీజన్ మొదట్లోనే తల్లిదండ్రులకు కాగితం మీద రాసిచ్చాం.

చివరగా, కోచ్‌తో మాట్లాడే పద్ధతి. మ్యాచ్ అయిన రోజు వద్దు, మర్నాడు అడగండి. "ఎందుకు తక్కువ ఆడించారు" అని అడిగితే ఆయన తన నిర్ణయాన్ని కాపాడుకోవడానికే మాట్లాడతాడు. "ఏ షిఫ్టులు వాడికి ఇవ్వడానికి మీరు ఇంకా వెనకాడుతున్నారు, ఎవరి పక్కన పెడితే ఇస్తారు" అని అడగండి. పెనాల్టీ కిల్ అంటాడా, రెండో పీరియడ్ అంటాడా, మన జోన్ ఫేస్ ఆఫ్ అంటాడా. ఏది చెప్పినా ఆ వారం ప్రాక్టీస్‌లో పని చేయడానికి పిల్లవాడికి ఒకటి దొరుకుతుంది. జవాబే రాకపోతే, ఆ కోచ్ మీ పిల్లవాణ్ణి ఇంకా సరిగ్గా చూడలేదని మీకు తెలుస్తుంది. అప్పుడు మాట్లాడాల్సింది నిమిషాల గురించి కాదు, క్లబ్ వాళ్ళతో కోచింగ్ గురించి.

ఇక ప్రశ్నలుంటే అడగండి. గోలీల తల్లిదండ్రులు కూడా అడగవచ్చు, వాళ్ళ లెక్క వేరే కానీ ప్రయత్నిస్తాను.